మూడు పూల్స్‌లో ఉన్న క్రిప్టో మైనింగ్ మెషీన్ల లెక్క ఒకే చోటికి తెచ్చే టూల్: సొంతంగా రాసుకోవచ్చా, స్క్రాపింగ్ చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చిత్తూరులో మీ మామయ్య షెడ్డులో రెండు ఏసిక్ మెషీన్లు, అంటే బిట్‌కాయిన్ మైనింగ్ కోసమే తయారైన కంప్యూటర్లు, బ్రెయిన్స్ పూల్‌కి పనిచేస్తున్నాయి. పూల్ అంటే చాలామంది మెషీన్ల పనిని కలిపి, వచ్చిన కాయిన్లను పంచే సర్వీసు. తిరుపతిలో మీ గదిలో ఒక బిట్‌యాక్స్, అంటే చిన్న బిట్‌కాయిన్ మైనర్, సోలో సీకేపూల్‌కి పెట్టారు. అక్కడ అందరికీ పంపకం లేదు, దొరికితే దొరికినవాళ్ళకే. రేణిగుంటలో మీ ఫ్రెండ్ దగ్గరున్న లైట్‌కాయిన్ మెషీన్ ఇంకో పూల్‌లో ఉంది. రోజూ మూడు సైట్లు తెరిచి అంకెలు ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నారు, మెషీన్ ఆగిపోయినా మర్నాటికి గానీ తెలియడం లేదు. ఈ డేటా అంతా ఒకే చోటికి లాగే టూల్ పైథాన్‌లో రాసుకోవాలా, రెడీమేడ్‌ది వాడాలా, పూల్ వెబ్ పేజీల్లోంచి అంకెలు ప్రోగ్రాంతో ఏరుకుంటే, అంటే స్క్రాప్ చేస్తే సరిపోతుందా అని అడిగారు.

రాసుకోండి, చిన్న పనే. స్క్రాపింగ్ మాత్రం వద్దు. పూల్ వాళ్ళిచ్చే ఏపీఐని, అంటే ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగే దారిని, చూడటానికి మాత్రమే పనికొచ్చే కీతో వాడండి. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఒక్క పూల్‌ని అడిగే టూల్ రాస్తే సగం పనే అయినట్టు. మెషీన్‌ని అడగాలి, పూల్‌ని అడగాలి, చెల్లింపులన్నీ అందరికీ కనపడేలా నమోదయ్యే బ్లాక్‌చెయిన్‌నీ అడగాలి. మూడు చోట్ల నుంచి వచ్చిన అంకెలు ఎక్కడ కలవడం లేదో చూపించినప్పుడే ఆ టూల్ మీ మామయ్య డబ్బుకి కాపలా ఉన్నట్టు.

నేను తిరుపతిలో ఉంటూ చిన్న వ్యాపారాలకి డేటా పనులు చేసిపెడతాను. మైనింగ్ మెషీన్లు నడిపేవాళ్ళకి ఇలాంటివి రాసిచ్చాను, కొన్ని ఇప్పటికీ నా చేతిమీదే నడుస్తున్నాయి. కింద చెప్పేదంతా అక్కడ ఎదురైనవే.

స్క్రాపింగ్ ఎందుకు వద్దంటే

పూల్ పేజీలో కనిపించే అంకెలు చాలావరకు జావాస్క్రిప్ట్ తరువాత తెచ్చి నింపేవి. పేజీని దింపుకుంటే ఖాళీ డబ్బాలే వస్తాయి. బ్రౌజర్‌ని వెనకాల నడిపి చదివించవచ్చు గానీ, డిజైన్ మారిన ప్రతిసారీ మీ కోడ్ విరుగుతుంది, బాట్లను ఆపే గోడలూ అడ్డొస్తాయి. అన్నిటికంటే పెద్ద భయం లాగిన్. స్క్రాప్ చేయాలంటే అకౌంట్ పాస్‌వర్డ్ స్క్రిప్టులో పెట్టాలి. నా దగ్గరికి బాగుచేయమని వచ్చిన ఒక స్క్రిప్టులో మెయిన్ అకౌంట్ పాస్‌వర్డ్ నేరుగా రాసి ఉంది, ఆ ఫైలేమో ఒక వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు డబ్బు వెళ్ళే అడ్రస్ మార్చడానికి ప్రయత్నించవచ్చు. అంకెలు చూడటం కోసం అంత తలుపు తెరిచిపెట్టాల్సిన అవసరం లేదు.

బ్రెయిన్స్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యాక్సెస్ ప్రొఫైల్ చేసుకుని టోకెన్, అంటే పైన చెప్పిన కీ, తీసుకోవచ్చు. అనుమతి చూడటానికి మాత్రమే అని పెట్టండి. ఆ టోకెన్‌ని ప్రతి రిక్వెస్ట్ హెడర్‌లో పంపాలి. నెట్‌లో దొరికే పాత స్క్రిప్టుల్లో ఆ హెడర్ పేరులో స్లష్‌పూల్ అని కనిపిస్తుంది, కంగారుపడొద్దు. 2010లో మొదలైన మొట్టమొదటి మైనింగ్ పూల్ అదే, 2022లో బ్రెయిన్స్ పూల్‌గా పేరు మారింది. పాత కోడ్ యథాతథంగా కాపీ చేయకుండా వాళ్ళ ఇప్పటి డాక్యుమెంటేషన్ చూసి రాయండి.

సోలో సీకేపూల్‌కి అసలు లాగిన్ లేదు. మీ బిట్‌కాయిన్ అడ్రస్‌నే లింకు చివర పెట్టి అడిగితే జేసన్, అంటే ప్రోగ్రాములు చదవగలిగే టెక్స్ట్ రూపంలో డేటా, వచ్చేస్తుంది. అంటే మీ అడ్రస్ తెలిసిన ఎవరైనా అది చూడగలరు. ఆ అడ్రస్‌ని దాచుకునే డబ్బుకి వాడొద్దు, దీనికోసం వేరేగా ఒకటి పెట్టుకోండి.

రేపు మామయ్య యాంట్‌పూల్‌కి మారితే పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ కీ పంపితే చాలదు. యూజర్ ఐడీ, కీ, ప్రతిసారీ మారే ఒక అంకె (నాన్స్), ఈ మూడూ కలిపి, రహస్య కీతో హెచ్‌మ్యాక్ షా256 అనే పద్ధతిలో డిజిటల్ సంతకం లెక్కగట్టి పంపాలి. పైథాన్‌లో నాలుగు లైన్ల పనే. కానీ ఒక్క అక్షరం వరుస తప్పినా సంతకం తప్పు అని తిప్పి పంపేస్తుంది.

రెడీమేడ్‌వి పనికిరావా?

వస్తాయి. విండోస్ కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే ఆసమ్ మైనర్ లాంటిది పెట్టుకోవచ్చు. మెషీన్ల నుంచి చదివే భాగానికి పైథాన్‌లో పైఏసిక్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. యాంట్‌మైనర్, వాట్స్‌మైనర్, అవలాన్ బ్రాండ్ల మెషీన్లన్నీ దానికి తెలుసు. ఆ పని మళ్ళీ మొదటినుంచీ మీరు చేయకండి. మీరు సొంతంగా రాయాల్సింది మూడు పూల్స్ లెక్కల్ని ఒకే కొలతలోకి తెచ్చే భాగం, వాటిని పోల్చే భాగం. మీ ఏర్పాటుకి సరిగ్గా సరిపోయేలా అది ఎవరూ రాసిపెట్టి ఉండరు.

ముందు పచ్చి జవాబు దాచండి, తరువాతే లెక్క

పూల్ నుంచి జవాబు రాగానే దానిలోంచి కావలసిన రెండు అంకెలు తీసుకుని మిగతాది పారేసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేయొద్దు. వచ్చిన జేసన్ మొత్తాన్ని, అడిగిన సమయంతో సహా ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) ఒక టేబుల్‌లో పడేయండి. ఐదు నిమిషాలకొకసారి అడిగితే రోజుకి 288 జవాబులు, ఒక్కోటి కొద్ది కిలోబైట్లు. ఏడాది డేటా కూడా మామూలు మెమరీ కార్డులో పట్టేస్తుంది. లెక్క వేరే టేబుల్‌లో. మూడు నెలల తరువాత యూనిట్ తప్పుగా అనుకున్నామని తేలితే, పచ్చి జవాబులుంటే ఒక్క రాత్రిలో మళ్ళీ లెక్కేసుకోవచ్చు. లేకపోతే ఆ మూడు నెలలూ పోయినట్టే, ఎందుకంటే చాలా పూల్స్ నిమిషాల వారీ చరిత్రని ఎక్కువకాలం ఉంచవు.

ఒక్కో పూల్‌కి ఒక్కో చిన్న ఫైల్ రాయండి. దాని పని ఒక్కటే, ఆ పూల్ భాషని మీ భాషలోకి మార్చడం. పూల్ మూతపడితే ఆ ఫైల్ ఒక్కటే పోతుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్‌ని వదిలేసి ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కి మారింది. అంతవరకు ఇథర్‌మైన్ అనే పూల్ ఏపీఐ మీద మొత్తం కోడ్ కట్టుకున్నవాళ్ళ టూల్స్ ఆ ఒక్క మార్పుతో పనికిరాకుండా పోయాయి.

ఇక యూనిట్లు. మీ మూడు పూల్స్‌లోనే ఎంత తేడా ఉందో చూడండి. బ్రెయిన్స్ హ్యాష్‌రేట్‌ని, అంటే మెషీన్ సెకనుకి ఎన్ని లెక్కలు (హ్యాష్‌లు) వేస్తుందో దాన్ని, అంకెగా ఇచ్చి, యూనిట్‌ని పక్కన వేరే ఫీల్డులో చెప్తుంది, అది గిగాహ్యాష్. లైట్‌కాయిన్ పూల్స్‌లో కిలోహ్యాష్‌లో ఇచ్చేవి ఉన్నాయి. సీకేపూల్ అయితే అంకెనే ఇవ్వదు, అక్షరం తగిలించిన మాటగా ఇస్తుంది. బిట్‌యాక్స్‌కి ఒకసారి "1.02టీ" అని వస్తే, కాసేపటికి కాస్త తగ్గి "998జీ" అని వస్తుంది. మొదటిది టెరా, రెండోది గిగా. దీన్ని అలాగే టెక్స్ట్‌గా పోల్చే కోడ్‌కి 998జీ పెద్దగా కనిపిస్తుంది. చివరి అక్షరం చదివి, కే, ఎం, జీ, టీ, పీ, ఈ (ఎక్సా) అక్షరాల్లో దేనికెంతో చూసి గుణించి, అన్నిటినీ సెకనుకి ఇన్ని హ్యాష్‌లు అనే ఒకే కొలతలోకి మార్చి దాచండి. చూపించేటప్పుడు టెరా అనుకోండి, గిగా అనుకోండి, మీ ఇష్టం.

డబ్బు సంగతికొస్తే దశాంశాలను మామూలు ఫ్లోట్‌లో, అంటే కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే పద్ధతిలో, ఉంచొద్దు. ఒక బిట్‌కాయిన్‌కి 10 కోట్ల సతోషీలు. సతోషీల్లో పూర్ణాంకంగా దాచేస్తే ఏ గొడవా ఉండదు. ఇథీరియం క్లాసిక్ లాంటివాటిలో ఒక కాయిన్‌కి 10 ఘాతం 18 చిన్న యూనిట్లు ఉంటాయి. ఫ్లోట్ తప్పులేకుండా పట్టుకోగలిగేది 2 ఘాతం 53 వరకే, చివరి అంకెలు చెప్పకుండానే మారిపోతాయి. పైథాన్‌లో జేసన్ చదివేటప్పుడే దశాంశాలను డెసిమల్‌గా తీసుకోమని చెప్పే ఆప్షన్ ఉంది, అది వాడండి.

సున్నా వేరు, తెలియకపోవడం వేరు

కోడ్‌లో నేను మొదట చూసేది ఇదే. పూల్ సర్వర్ జవాబివ్వలేదు, లేదా మీ ఇంటి నెట్ పోయింది. అప్పుడు టూల్ హ్యాష్‌రేట్ సున్నా అని రాసుకుంటే రెండు నష్టాలు. ఒకటి, అర్ధరాత్రి మెషీన్ ఆగిపోయిందని మెసేజ్ వస్తుంది, మామయ్య నిద్రలేచి షెడ్డుకి పరిగెత్తితే మెషీన్ హాయిగా తిరుగుతూ ఉంటుంది. రెండోసారీ అలా జరిగితే ఇక ఆ మెసేజ్‌లు ఎవరూ పట్టించుకోరు. రెండు, నెల సగటు తీస్తే ఆ సున్నాలన్నీ కలిసి లెక్క కిందకి లాగేస్తాయి. జవాబు రాకపోతే ఖాళీగా వదిలేయండి. పూల్ స్వయంగా సున్నా అని చెప్పినప్పుడే సున్నా రాయండి.

పూల్ 429 కోడ్ తిప్పి పంపితే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని అర్థం. వెంటనే మళ్ళీ అడక్కుండా ప్రతిసారీ ఎడం రెట్టింపు చేసుకుంటూ వెళ్ళండి. బ్రెయిన్స్ అయితే ఐదు సెకన్లకి ఒకటి మించొద్దని చెప్తుంది. నిజానికి ఐదు నిమిషాలకొకటి చాలు, ఎందుకో కింద చెప్తాను.

పూల్ చూపించే హ్యాష్‌రేట్ కొలిచింది కాదు, అంచనా

మీ ప్రశ్నలో "ఐదు నిమిషాల హ్యాష్‌రేట్ ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, మెషీన్ పాడైందా" అని రాశారు. ఇది అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. పూల్‌కి మీ మెషీన్ కనపడదు. కనపడేవి మీరు పంపే షేర్లు మాత్రమే. షేర్ అంటే మెషీన్ పనిచేసిందనడానికి రుజువుగా పంపే జవాబు, డిఫికల్టీ అంటే అది దొరకడం ఎంత కష్టమో చెప్పే అంకె. వచ్చిన షేర్ల సంఖ్యని ఒక్కో షేర్ డిఫికల్టీతో గుణించి, దాన్ని 2 ఘాతం 32తో, అంటే సుమారు 429 కోట్లతో గుణించి, గడిచిన సెకన్లతో భాగిస్తుంది. అదే మీకు కనిపించే హ్యాష్‌రేట్.

షేర్ దొరకడం పూర్తిగా అదృష్టం మీద ఆధారపడింది కాబట్టి ఆ సంఖ్య ఊగుతుంది. లెక్కేసి చూద్దాం. 100 టెరాహ్యాష్ మెషీన్‌కి పూల్ లక్ష డిఫికల్టీ ఇచ్చిందనుకోండి. సగటున 4.3 సెకన్లకి ఒక షేర్. ఐదు నిమిషాల్లో దాదాపు 70. ఇలాంటి లెక్కలో ఊగిసలాట దాదాపు ఒకటి బై షేర్ల సంఖ్య వర్గమూలం, 70కి అది 12 శాతం. అంటే మెషీన్ నిక్షేపంగా ఉన్నా 88 చూపించవచ్చు, 112 చూపించవచ్చు. అదే 24 గంటల్లో 20 వేల పైచిలుకు షేర్లు, ఊగిసలాట 0.7 శాతానికి దిగుతుంది. పూల్ డిఫికల్టీని 10 లక్షలకి పెంచితే ఐదు నిమిషాల్లో ఏడు షేర్లే వస్తాయి, ఊగిసలాట 38 శాతం. మెషీన్ ఏమీ మారలేదు, డిఫికల్టీ మారింది అంతే.

కాబట్టి ఆగిపోయిందా లేదా అన్నదానికి చివరి షేర్ ఎప్పుడొచ్చిందో చూడండి, బాగా పనిచేస్తోందా అన్నదానికి 24 గంటల సగటు చూడండి. ఐదు నిమిషాల అంకె మీద అలర్ట్ పెట్టకండి. సీకేపూల్ చివరి షేర్ సమయాన్ని నేరుగా ఇస్తుంది. అది పదిహేను నిమిషాలు దాటి పాతబడితే మెసేజ్ పంపమని పెట్టుకుంటే చాలు.

లైట్‌కాయిన్‌కి ఈ సూత్రం వాడేటప్పుడు జాగ్రత్త. లైట్‌కాయిన్ వాడే స్క్రిప్ట్ (scrypt) అనే అల్గారిథమ్‌లో డిఫికల్టీ 1 అంటే ఏమిటో కొన్ని సాఫ్ట్‌వేర్లు వేరేగా లెక్కగడతాయి, దానివల్ల ఫలితం 65,536 రెట్లు తేడాగా వస్తుంది. మీకూ అలా వస్తే కారణం అదే. ఇంకా, 2014 నుంచి లైట్‌కాయిన్‌తో పాటు డోజ్‌కాయిన్ కూడా అదే పనితో మైన్ అవుతోంది. పూల్ జవాబులో రెండు కాయిన్ల ఆదాయం వేర్వేరు ఫీల్డుల్లో ఉండవచ్చు. ఒక్కటే చదివితే మీ ఫ్రెండ్ వాటా తగ్గిపోతుంది.

పూల్ రోజు మన రోజు కాదు

చిత్తూరులో ఒకాయన పూల్ తనని మోసం చేస్తోందని గట్టిగా నమ్మాడు. ఆయన ఎక్సెల్‌లో రోజువారీ మొత్తాలు పూల్ చూపించే రోజువారీ మొత్తాలతో ఎప్పుడూ కలిసేవి కావు. కొన్నిరోజులు ఎక్కువ, కొన్నిరోజులు తక్కువ. నెల మొత్తం మాత్రం ఇంచుమించు కలిసేది. కారణం సమయం. ఇలాంటి పూల్స్ రోజుని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, లెక్కేస్తాయి. వాళ్ళ రోజు మనకి తెల్లవారుజామున ఐదున్నరకి మారుతుంది. ఆయనేమో రాత్రి పన్నెండుకి కోత పెట్టాడు. పగలు మెషీన్లు ఆగినరోజు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడేది.

డేటాబేస్‌లో సమయం అంతా యూటీసీలోనే దాచండి. మనుషులకి చూపించేటప్పుడు మాత్రం ఐదున్నర గంటలు కలపండి. కొన్ని ఏపీఐలు సెకన్లలో ఇస్తాయి, కొన్ని మిల్లీసెకన్లలో. పది అంకెలుంటే సెకన్లు, పదమూడు ఉంటే మిల్లీసెకన్లు.

దీనికి తోడు మన దగ్గర కరెంటు. మీరు రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీద టూల్ నడుపుతానన్నారు. పై 4 వరకు వాటిలో గడియారానికి బ్యాటరీ లేదు, పై 5లో కూడా బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. కరెంటు పోయి వచ్చాక పై ముందు లేస్తుంది, రౌటర్ నిమిషం, రెండు నిమిషాలు ఆలస్యంగా లేస్తుంది. ఆ మధ్యలో పై తనకి గుర్తున్న పాత సమయంతో పని మొదలుపెట్టి, తప్పు టైముతో వరుసలు రాసేస్తుంది. సంతకం అడిగే పూల్స్ అయితే ఒప్పుకోకపోవచ్చు కూడా. నెట్ టైము సరిచూసుకున్నాకే స్క్రిప్ట్ మొదలయ్యేలా సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టే భాగం) చెప్పండి. పూల్ జవాబు హెడర్‌లో వాళ్ళ సర్వర్ సమయం కూడా వస్తుంది, దాన్నీ పక్కన దాచుకుంటే తేడా తరువాత పట్టుకోవచ్చు.

మెషీన్ వైపు నుంచి

యాంట్‌మైనర్ లాంటివి లోకల్ నెట్‌వర్క్‌లో 4028 పోర్టు మీద సీజీమైనర్ అనే మైనింగ్ సాఫ్ట్‌వేర్ ఏపీఐకి జవాబిస్తాయి. సమ్మరీ అడిగితే హ్యాష్‌రేట్, స్టాట్స్ అడిగితే చిప్ టెంపరేచర్లు, ఫ్యాన్ వేగం, పూల్స్ అడిగితే ఏ పూల్‌కి ఏ యూజర్ పేరుతో పనిచేస్తోందో చెప్తుంది. పైఏసిక్ వాడకుండా మీరే చదవాలనుకుంటే రెండు చిక్కులు తెలిసి ఉండాలి. జవాబు చివర కంటికి కనపడని ఒక నల్ బైట్ ఉంటుంది, అది తీసేయకపోతే జేసన్ పార్సర్ ఒప్పుకోదు. పాత యాంట్‌మైనర్ ఫర్మ్‌వేర్‌లో (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) స్టాట్స్ జవాబులో రెండు బ్రాకెట్ల మధ్య కామా ఉండదు, అదీ మీరే పెట్టి చదవాలి. బిట్‌యాక్స్ అయితే దాని ఐపీ అడ్రస్ మీదే సిస్టమ్ సమాచారం జేసన్‌గా ఇస్తుంది, తేలిక.

4028 పోర్టుని ఎట్టి పరిస్థితుల్లోనూ రౌటర్‌లో బయటికి తెరవకండి. చిత్తూరు షెడ్డులో ఒక పై, మీ గదిలో ఒక పై పెట్టి, అవే డేటాని బయటికి పంపేలా చేసుకోండి.

మెషీన్‌ని కూడా అడగడం ఎందుకంటే, మెషీన్ చెప్పే అంకెకీ పూల్ 24 గంటల సగటుకీ మధ్య తేడా చాలా చెప్తుంది. తేడా రోజూ 2, 3 శాతం దగ్గర స్థిరంగా ఉంటే ముందు ఫర్మ్‌వేర్ చూడండి. బయటి ఫర్మ్‌వేర్లు కొన్ని డెవలపర్ ఫీజు కింద అంత పనిని తమ పూల్‌కి మళ్ళిస్తాయి. తేడాతో పాటు రిజెక్ట్ అయిన షేర్లూ పెరుగుతుంటే నెట్ బాగోలేదు, పాత పనికి జవాబులు ఆలస్యంగా చేరుతున్నాయి. ఇక మెషీన్‌లో పూల్ అడ్రసో యూజర్ పేరో మీది కాకుండా మారిపోయి ఉంటే, ఎవరో లోపలికి దూరారు. పూల్ డ్యాష్‌బోర్డ్‌లో మెషీన్ ఆఫ్ అని మాత్రమే కనపడుతుంది. షెడ్డులో ఫ్యాన్లు మోగుతూనే ఉంటాయి, కరెంటు మీటర్ తిరుగుతూనే ఉంటుంది. గంటకొకసారి ఈ ఒక్కటి సరిచూసే కోడ్ తప్పకుండా పెట్టండి.

వేసవిలో మన ఎండల సంగతి తెలిసిందే. రేకుల షెడ్డులో పెట్టిన మెషీన్ ఒకదానికి ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా హ్యాష్‌రేట్ పడిపోయేది. 24 గంటల సగటులో అది కలిసిపోయి అంతగా కనపడలేదు. గంటల వారీగా వారం రోజుల సగటు గీసి, పక్కన చిప్ టెంపరేచర్ పెడితే వెంటనే తెలిసిపోయింది. వేడిగాలి బయటికి వెళ్ళే వైపు గోడకి దారి తీశాక సర్దుకుంది. పూల్ డేటా ఒక్కటే ఉంటే అది నెట్ లోపం అనుకునేవాళ్ళం.

పూల్ డబ్బు ఎలా లెక్కేస్తుందో తెలియకుండా పోల్చకండి

మన జిల్లాలో పాల కేంద్రం తెలియని ఇల్లు ఉండదు కాబట్టి అలా చెప్తాను. పీపీఎస్ (పే పర్ షేర్), ఎఫ్‌పీపీఎస్ (ఫుల్ పే పర్ షేర్) అనే చెల్లింపు పద్ధతుల్లో మీరు పోసిన పాలకి ఫ్యాట్ చూసి అప్పుడే లెక్క కడతారు, డెయిరీకి ఆరోజు అమ్మకం ఉందా లేదా అన్నది మీకు సంబంధం లేదు. పీపీఎల్‌ఎన్‌ఎస్‌లో (పే పర్ లాస్ట్ ఎన్ షేర్స్) డెయిరీకి అమ్మకం జరిగినప్పుడే, అంటే పూల్‌కి బ్లాక్ (చెయిన్‌లో కొత్తగా చేరే లావాదేవీల కట్ట, చేర్చినవాళ్ళకి బహుమతి వస్తుంది) దొరికినప్పుడే, ఈమధ్య పోసినవాళ్ళందరికీ వాటాలు పంచుతారు. మొదటి రకంలో మీ హ్యాష్‌రేట్‌ని బట్టి ఆదాయాన్ని లెక్కేసి పూల్ అంకెతో రోజూ పోల్చవచ్చు. రెండో రకంలో రోజువారీ పోలికకి అర్థం లేదు, నెలల మీద చూడాలి.

బ్రెయిన్స్ ఎఫ్‌పీపీఎస్. సోలో సీకేపూల్‌లో ఈ లెక్కే లేదు. మీ బిట్‌యాక్స్ వేగానికి బ్లాక్ దొరికే సగటు కాలం వేల సంవత్సరాలు. అక్కడ మెషీన్ నడుస్తోందా, ఇప్పటిదాకా దొరికిన అతి కష్టమైన షేర్ (బెస్ట్ షేర్) ఎంత అన్నవి చూసుకుంటే సరి. ఒకవేళ దొరికినా బ్లాక్ బహుమతి మరో 100 బ్లాకులు గడిచేదాకా, అంటే దాదాపు 17 గంటలు కదిలించడానికి కుదరదు.

ఆదాయం అంచనాల్లో పాత స్థిరాంకాలు ఉంచొద్దు. 2024 ఏప్రిల్ హాల్వింగ్‌తో (బహుమతి సగానికి తగ్గడం) బ్లాక్‌కి కొత్తగా పుట్టే కాయిన్ల బహుమతి, అంటే బ్లాక్ సబ్సిడీ, 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకి తగ్గింది. బ్లాక్ దొరకడానికి నెట్‌వర్క్ పెట్టే డిఫికల్టీ (పైన చెప్పిన షేర్‌ది కాదు) ప్రతి 2016 బ్లాకులకి, అంటే దాదాపు రెండు వారాలకొకసారి మారుతుంది. రెండూ కోడ్‌లో రాసిపెట్టకుండా బ్లాక్‌చెయిన్‌ని చూపించే మెంపూల్ డాట్ స్పేస్ లాంటి సైటు ఏపీఐ నుంచి తెచ్చుకోండి.

చివరి సరిచూపు బ్లాక్‌చెయిన్ మీదే

పూల్ "చెల్లించాం" అన్నంత మాత్రాన లెక్క ముగియదు. ప్రతి చెల్లింపుకీ ట్రాన్సాక్షన్ ఐడీ ఉంటుంది. మెంపూల్ ఏపీఐలో మామయ్య అడ్రస్‌కి వచ్చిన ట్రాన్సాక్షన్లు సతోషీల్లో వస్తాయి. పూల్ చెప్పిన చెల్లింపులు, చెయిన్ మీద కనపడినవి పక్కపక్కన పెట్టి, జోడీ కుదరని వాటిని ఎర్రగా చూపించండి. లైట్నింగ్ (చెయిన్ బయట బిట్‌కాయిన్ పంపే నెట్‌వర్క్) ద్వారా చెల్లింపు పెట్టుకుంటే మాత్రం అది చెయిన్ మీద కనపడదు. అప్పుడు వాలెట్ రికార్డుతో పోల్చాలి.

దీనిమీద గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. "మీ తరఫున మేము మైన్ చేస్తాం, యాప్‌లో రోజూ ఆదాయం చూసుకోండి" అని డబ్బు కట్టించుకునే యాప్‌లు మన ఊళ్ళల్లో బాగా తిరిగాయి. వాటిలోనూ హ్యాష్‌రేట్, వర్కర్లు, రోజు ఆదాయం అన్నీ అందంగా కనిపిస్తాయి. ఆ అంకెలకి చెయిన్ మీద ఒక్క ట్రాన్సాక్షన్ కూడా ఉండదు. దాచుకున్న డబ్బు, నగలు అమ్మిన డబ్బు వాటిలో పెట్టినవాళ్ళు నాకు తెలుసు. మీ టూల్ తయారయ్యాక ఇంట్లోవాళ్ళకి ఈ ఒక్క భాగం చూపించండి. అడ్రస్ ఇస్తే చెల్లింపు కనపడాలి, కనపడకపోతే అది మైనింగ్ కాదు.

పన్ను, కరెంటు

ప్రతి చెల్లింపు పక్కన ఆ సమయానికి రూపాయల్లో ధర కూడా అప్పుడే దాచేయండి, తరువాత వెతుక్కోవడం నరకం. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో కాయిన్ల మీద లాభానికి 30 శాతం పన్ను, జూలై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. మైనింగ్‌కి పెట్టిన ఏర్పాట్ల ఖర్చుని కొనుగోలు ధరగా ఒప్పుకోమని ప్రభుత్వం ఆ ఏడాదే లోక్‌సభలో చెప్పింది. ఒకదానిలో నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోవడానికీ కుదరదు. తేదీ, సతోషీలు, రూపాయల ధర, ట్రాన్సాక్షన్ ఐడీ ఉన్న షీటు ఇస్తే ఆడిటర్ మిగతాది చూసుకుంటారు.

కరెంటుకి కూడా ఒక కాలమ్ పెట్టండి. 3,250 వాట్ల మెషీన్ రోజుకి 78 యూనిట్లు తాగుతుంది, నెలకి 2,300 పైనే. కరెంటు పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది. మామయ్య కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో, అది ఈ లోడుకి సరైనదో కాదో వాళ్ళ దగ్గర ముందే తేల్చుకోవడం మంచిది. ఆ కాలమ్ నింపాక, మెషీన్లు నడపడం కంటే ఆపడమే లాభమని టూలే చెప్పవచ్చు. అది కూడా నిజాయితీగా చూపించేలా రాయండి.

మొదలుపెట్టే వరుస

మొదటి వారం ఏ లెక్కా వద్దు. బ్రెయిన్స్, సీకేపూల్ పచ్చి జవాబులు క్రాన్‌తో (చెప్పిన సమయానికి స్క్రిప్ట్‌ని నడిపే టూల్) ఐదు నిమిషాలకొకసారి దాచుకుంటూ పోండి. తరువాత చివరి షేర్ అలర్ట్ టెలిగ్రామ్‌కి వచ్చేలా చేయండి, మామయ్యకి వెంటనే పనికొచ్చేది అదే. మెషీన్ వైపు, చెయిన్ వైపు ఆ తరువాత. టోకెన్లు కోడ్‌లో కాకుండా వేరే ఫైల్‌లో, అందరికీ చదివే అనుమతి లేకుండా పెట్టండి. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టేముందు ఆ ఫైల్ అందులో లేదని సరిచూసుకోండి.

లైట్‌కాయిన్ పూల్ పేరు మీరు చెప్పలేదు. దాని ఏపీఐ పేజీలో హ్యాష్‌రేట్ ఏ యూనిట్‌లో ఉంది, డోజ్‌కాయిన్ ఆదాయం విడిగా ఉందా, చెల్లింపు పద్ధతి ఏమిటి, ఈ మూడూ చూసి కింద రాయండి. ఒక పచ్చి జవాబు కూడా పెట్టండి, కీ, అడ్రస్ చెరిపేసి. దానికి అడాప్టర్, అంటే పైన చెప్పిన ఆ చిన్న ఫైల్, ఎలా రాయాలో చెప్తాను.